ఒదిగే వెలుగు

నల్లని గాజు. నున్నని గాజు. రాత్రివేళ దుర్గం చెరువు ఒడ్డున ఆగి ఉన్న కారులో, తీగల వంతెన దీపాలు వచ్చి వాలిన గాజు. పోర్షే టైకాన్‌లో కూర్చున్నవాడికి ముందుగా కనిపించేది అంతే. అంకె లేదు, ముల్లు లేదు, గుర్తు లేదు. ఇప్పుడు బటన్ నొక్కండి, చూడండి! 16.8 అంగుళాల ఆ వంపు మీద వృత్తాలు పక్కపక్కనే విచ్చుకుంటాయి. మీటర్ల మీద కప్పుగా ఉండే పాత కాలపు మూత దానికి లేదు. ఏ అండా లేకుండా, స్టీరింగ్ వెనుక తేలుతున్నట్టు నిలబడుతుంది. అంచు ఎక్కడో తెలియదు. గాజు ఎక్కడ ముగిసిందో, రాత్రి ఎక్కడ మొదలైందో తెలియదు. ఎంత సొగసు, ఎంత నిబ్బరం!

ఆ తెరలో నాకు ప్రాణమైన అమరిక ఒకటుంది. దాన్ని ఎంచుకుంటే వృత్తాలు వెళ్లిపోతాయి. వేగం చెప్పే అంకె, రోడ్డు పక్క బోర్డు గుర్తు, దారి చూపే చిన్న బాణం మిగులుతాయి. తక్కినదంతా నలుపు. అంత విశాలమైన తెరను తయారుచేసి, అందులో ముప్పాతిక భాగాన్ని చీకటికి వదిలేసిన ఆ చెయ్యి ఎవరిదో గానీ, దానికి నమస్కారం పెట్టాలి. కారు తెర అందానికి నా కొలత ఇదే. వెలగమన్నప్పుడు ఎంత ముచ్చటగా వెలుగుతుందో, తప్పుకోమన్నప్పుడు అంత ముచ్చటగా తప్పుకోవాలి.

ఈ కొలత నాకు మా నేల ఇచ్చింది. మాది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, భోపాలపట్నం వైపు. బస్తర్‌కు దక్షిణపు అంచు. తెలుగు, గోండీ, దోర్లీ, హల్బీ ఒకే సంతలో కలగలిసి వినపడే చోటు. పొద్దు గూకితే మా వైపు నిజంగా చీకటి పడుతుంది. అడవి దారిలో ఎదురొచ్చే బండి ఇంకా మలుపు అవతల ఉండగానే దాని వెలుగు టేకు ఆకుల మీద పాకుతుంది. అలాంటి చీకట్లో పెరిగిన కంటికి వెలుగంటే మోహం. మోతాదు మించిన వెలుగంటే నొప్పి. అందుకే ఏ కారు తెర ముందు కూర్చున్నా దాని అంగుళాలు అడగను. దాని నలుపు ఎంత నల్లగా ఉందో చూస్తాను.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది గుర్తుందా? 2.8 కిలోమీటర్ల బాట మీద జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన రోజు. ఆ సందడిలోనే హైదరాబాద్‌కు ఒక మహా సౌందర్యం దిగింది: పినిన్‌ఫరీనా బటిస్టా! కంపెనీ మూలపురుషుడు బటిస్టా ఫరీనా పేరు పెట్టుకున్న కారు. ఇటలీ చేతులు గీసినది, మన మహీంద్రా అండతో పుట్టినది, ప్రపంచం మొత్తానికి 150కి మించి చేయబోమని మాట ఇచ్చినది. సుమారు 1,900 హార్స్‌పవర్, నిలుచున్న చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 1.86 సెకన్లు. ఈ అంకెలు అందరూ చెప్పుకునేవే. నా కళ్లు మాత్రం దాని లోపలి తెరల దగ్గరే ఆగిపోయాయి.

స్టీరింగ్‌కు అటొకటి, ఇటొకటి రెండు తెరలు, నడిపేవాడి వైపు కాస్త వొంగి, చెప్పబోయే మాట చెవిలో చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టు. వాటి నడుమ, చూపు రోడ్డు మీదికి వెళ్లే దారిలోనే, సన్నని చిన్న తెర. వేగం లాంటి ముఖ్యమైన సంగతి దాని వంతు. పెద్ద తెరలు రెండూ పక్కకు జరిగి, చిన్నదాన్ని మధ్యలో కూర్చోబెట్టిన ఆ మర్యాద చూడండి! ఆ మర్యాద వెనుక కారణం కూడా ఉంది. ఈ కారునే తర్వాత ఇండోర్ దగ్గర నాట్రాక్స్ ట్రాక్ మీద రేసర్ నరైన్ కార్తికేయన్ గంటకు 358 కిలోమీటర్ల వేగంతో ఉరికించాడు. ఆ వేగంలో కన్ను ఒక్క సెకను తెర మీద నిలిస్తే దాదాపు 100 మీటర్ల నేల వెనక్కి పోతుంది. అక్కడ అలంకారానికి చోటేది? ఒక్క అంకె, అదీ చూపు మళ్లించకుండా చదవగలిగిన అంకె. అవసరంలోంచి పుట్టిన అందమే అందం!

ఇక దాని నడకలకు పెట్టిన పేర్లు వినండి: కాల్మా, పూరా, ఎనర్జికా, ఫ్యూరియోసా, కరట్టెరే. గుండ్రని మీటను వేళ్లతో తిప్పితే ఒకదాని నుంచి ఒకదానికి మారే ఐదు స్వభావాలు. మన రసశాస్త్రం కాస్త తెలిసినవాడికి ఒళ్లు పులకరించదా! కాల్మా అంటే శాంతమే. ఎనర్జికా అంటే ఉత్సాహం స్థాయిగా నిలిచే వీరమే. ఫ్యూరియోసా, సందేహమే లేదు, రౌద్రం. పూరా వీటి మధ్య ఏ వేషం కట్టని నిండు నడక. కరట్టెరే నడిపేవాడికి వదిలేసిన మనోధర్మం; తనకు నచ్చిన పాళ్లలో తానే కలుపుకుంటాడు. దాని నాదం కూడా అలాంటిదే. ఇంజిన్ లేని కారు కదా, గొంతు ఎలా ఇవ్వాలని ఆలోచించి 54 హెర్ట్జ్‌ను ఆధారశ్రుతిగా పెట్టుకున్నారు; వేగం పెరిగేకొద్దీ ఆ శ్రుతి 54కు గుణిజాలుగా పైస్థాయికి ఎక్కుతుంది. శ్రుతి కుదిరిన యంత్రం! తెరనూ నాదాన్నీ నడకనూ ఒకే రసంలో ముంచి తీసిన పని ఇది.

ఇక ఈ రాజసంలోకి మన జేబులోని ఫోను వచ్చిన కథ. 2014 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఫెరారీ ఎఫ్‌ఎఫ్ కారు తెర మీద ఐఫోను బొమ్మలు వెలిగాయి. కార్‌ప్లే లోకానికి కనిపించింది అప్పుడే. మరుసటేడు ఆండ్రాయిడ్ ఆటో బళ్లలోకి వచ్చింది. నిజం చెప్పాలంటే తొలినాళ్ల ఆ కలయిక నాకు రుచించలేదు. చేత్తో కుట్టిన తోలు, చెక్కిన అల్యూమినియం, వాటి నడుమ ఫోను రంగుల బిళ్లలు, అద్దె ఇంటి గోడకు తగిలించిన క్యాలెండరులా. పనికొస్తుంది, కానీ ఆ ఇంటిది కాదు. పదకొండేళ్లు పట్టింది ఆ ఎడం తీరడానికి. 2025 మేలో ఆస్టన్ మార్టిన్ కార్లలో కార్‌ప్లే అల్ట్రా మొదలైంది. ఇప్పుడు ఫోను ఒక చతురస్రంలో ముడుచుకుని కూర్చోదు. స్టీరింగ్ వెనుక ఉన్న వేగం ముల్లు, ఇంజిన్ చుట్ల ముల్లు కూడా దాని గీతే. కానీ ఆ గీతలో ఆస్టన్ మార్టిన్ చేవ్రాలు ఉంటుంది. అక్షరాల వొడ్డు, పొడుగు, ముల్లు సన్నదనం అన్నీ ఆ కారు వంశం నుంచి తీసుకున్నవే. అతిథి ఇంటి మనిషైపోయాడు!

ఆ తెర మీద పరుచుకునే మ్యాప్ చూసినప్పుడల్లా నాకు మరో గర్వం. 2016 మేలో టిమ్ కుక్ హైదరాబాద్ వచ్చి ఆపిల్ మ్యాప్స్ పని కోసం ఆఫీసు తెరిచాడు. ఎక్కడో అమెరికాలో ఒక ఆస్టన్ మార్టిన్ చల్లని రాత్రిలో సాగుతుంటే, దాని ముందు మెరిసే పటం వెనుక మన నగరంలో కూర్చుని పనిచేసే కళ్ల శ్రమ కొంత ఉందన్నమాట. ఈ ఊహ చాలు, నాకు కడుపు నిండుతుంది.

పక్క సీటు వాళ్లకూ ఒక తెర ఇవ్వడం ఇప్పటి అలవాటు. లంబోర్ఘిని రెవుయెల్టోలో మధ్య తెర మీది బొమ్మను వేలితో తోస్తే అది పక్క తెరలోకి జారిపోతుంది. పోర్షే మరీ నాజూకు చూపింది. పక్కవాళ్ల తెర మీద ఒక పొర వేసి, అక్కడ ఆడే సినిమా నడిపేవాడి కంట పడకుండా చేసింది. చూసేవాడికి వెలుగు, నడిపేవాడికి నలుపు, ఒకే గాజులో! మెర్సిడెస్-ఏఎంజీ ఎస్‌ఎల్‌ది మరో ముద్దు. పైకప్పు తీసి ఎండలో వెళ్తుంటే తెర మీద సూర్యుడు పడి కళ్లు చెదురుతాయి కదా. దాని నిలువు తెర 12 నుంచి 32 డిగ్రీల దాకా వాలుతుంది. బటన్ నొక్కితే మెల్లగా తల తిప్పి, ఎండకు మొహం చాటు చేసుకుంటుంది. మా బస్తర్ మే నెల ఎండ ఎరిగినవాణ్ని, ఆ చిన్న కదలికకు ఎన్నిసార్లయినా దాసోహం అంటాను.

ఇన్ని చెప్పాక శిఖరం గురించి చెప్పాలి. 2024 జూన్‌లో బుగాటీ వాళ్లు టూర్బియాన్ అనే కారును చూపించారు. 1801లో వాచీల నిపుణుడు బ్రెగే పేటెంటు పొందిన, గడియారపు కళకు తలమానికమైన యంత్రం పేరు దానిది. స్టీరింగ్ వెనుక తెర అసలు లేదు! టైటానియంతో, నీలాలతో, కెంపులతో, ఆరు వందలకు పైగా భాగాలతో స్విట్జర్లాండ్ గడియారపు పనివాళ్లు కూర్చిన మీటర్లు. ఎముకలన్నీ కనిపించేలా తెరిచిన గడియారం లోపల పళ్ల చక్రాలు కదులుతుంటే ముళ్లు తిరుగుతాయి. స్టీరింగ్ అంచు తిరుగుతుంది, మధ్య భాగం కదలకుండా నిలబడుతుంది, మీటర్లకు ఏ ఆకూ అడ్డు రాదు. మరి ఫోను ఎక్కడ? మధ్యలో లోపలే దాక్కుని ఉంటుంది తెర. కావాలన్నప్పుడు పైకి లేస్తుంది, పని అయ్యాక కిందికి వెళ్లిపోతుంది, వెళ్లాక అది ఉండేదన్న ఆనవాలు కూడా మిగలదు.

మా బస్తర్‌లో కంచు బొమ్మలు పోసే కొండగావ్ ఘడ్వా శిల్పుల పని చూసినవాళ్లకు ఈ రహస్యం కొత్త కాదు. మట్టి బొమ్మ మీద మైనపు దారాలను చుట్టి చుట్టి ప్రతి నగా ప్రతి ముడీ అందులోనే చేస్తారు. ఆ తర్వాత మైనం కరిగి వెళ్లిపోతుంది, అది ఖాళీ చేసిన చోటులోకి కంచు ప్రవహిస్తుంది. వెళ్లిపోవడానికే పుట్టిన మైనం మీద అంత శ్రద్ధ! బుగాటీ తెర లేచి మునిగిన ఆ రెండు క్షణాల్లో నాకు మా బస్తర్ మైనం కనిపించింది.

డ్యాష్‌బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా గాజు పరిచి అదే వైభవం అనుకునే కార్ల మీద నాకు ప్రేమ పుట్టదు. వేలికి తగలని బటన్ బటనే కాదు. ఆ సంగతి ఫెరారీకీ తోచింది. కొన్నేళ్లపాటు స్టీరింగ్ మీద స్పర్శతో పనిచేసే చదును గుర్తు పెట్టిన ఆ కంపెనీ, 2025లో అమాల్ఫీ కారుకు ఇంజిన్ స్టార్ట్ బటన్‌ను మళ్లీ అల్యూమినియంలో, నొక్కితే దిగే నిజమైన బటన్‌గా తెచ్చింది. చల్లని లోహం, బొటనవేలి కింద చిన్న లోతు, ఆ వెంటనే గర్జన! తెర ఎంత గొప్పదైనా ఆ లోతును ఇవ్వలేదు. ఇవ్వలేనిదాన్ని బటన్‌కు వదిలేయడమే దానికి శోభ.

ఇప్పుడు ఒక్కసారి నాతో మా దారిన రండి. 163వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్ దాటి భువనగిరి, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చి మా భోపాలపట్నంలో ముగుస్తుంది. ఈ అందాల కార్లలో ఏదీ ఇటు రాదు. వాటి పొట్ట నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. అయితే వాటి తెరల్లో వెలిగే ఫోనే మా మామూలు కారు తెరలోనూ వెలుగుతుంది, అదే మ్యాప్‌తో, అదే నీలి చుక్కతో. ఈ కళకు ఇంతకంటే ఔదార్యం ఏముంది! ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కగానే తెర అంతా నీలం. ఆ నీలం మీద సన్నని గీత ఒకటి, గీత మీద మనం. వంతెన దాటాక రంగు మారుతుంది. ఆకుపచ్చ, మళ్లీ ఆకుపచ్చ, ఇంకా ఆకుపచ్చ. భద్రకాళి దగ్గర ఇంద్రావతి పక్క నుంచి వచ్చి గోదావరిలో కలిసే చోట రెండు నీలాలు ఒకదానిలోకి ఒకటి ఒదిగే తీరు చూడటానికి నేను మ్యాప్‌ను రెండు వేళ్లతో పెద్దది చేసి మరీ చూస్తాను.

అడవి చిక్కబడే చోట సిగ్నల్ పోతుంది. ముందే దించి పెట్టుకోకపోతే పటం గీతలు ఒక్కొక్కటే మాసిపోతాయి. దారి ఉండదు, ఊరు ఉండదు, బూడిద రంగు మైదానం ఒకటి. అయినా నీలి చుక్క ఆగదు! దానికి టవరుతో పని లేదు. ఆకాశంలో ఉపగ్రహాల మాట వింటూ, పేరులేని ఆ మైదానంలో తన పాటికి తాను సాగుతూనే ఉంటుంది. తెర తన సొమ్ములన్నీ తీసేసి ఒక్క చుక్కతో నిలబడిన ఆ వేళ, టైకాన్ నలుపూ బటిస్టా మర్యాదా రెండూ నాకు గుర్తొస్తాయి.

అంతలో సిగ్నల్ తిరిగొస్తుంది, ఊళ్ల పేర్లు తిరిగొస్తాయి, తెలుగులో. ఫోను భాష తెలుగుకు పెట్టుకున్నవాళ్లకు గూగుల్ మ్యాప్స్ ఊరి పేర్లను మన లిపిలోనే చూపిస్తుంది, మలుపునూ తెలుగులోనే చెబుతుంది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఒక విచిత్రమైన రూపంలో సందేశంలో వస్తే ఐఫోన్లు స్తంభించిపోయాయి. ఆపిల్ వెంటనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దింది. ఆ నాటి నుంచి ఈ నాటికి మన అక్షరం ఎంత నిబ్బరంగా నిలుస్తోందో! తలకట్లు, తీగ సాగిన సుడులు, రాత్రి నలుపు మీద తెల్లగా. అయితే ఒక్క మాట ఆ తెరలు గీసేవాళ్లకు చేరాలని నా కోరిక. మన అక్షరానికి సగం సొగసు గీత కింద ఉంటుంది. 'ముల్లకట్ట' కింద రెండు వత్తులు, 'భోపాలపట్నం' కింద న వత్తు. ఇంగ్లిష్ కొలతతో కత్తిరించిన ఆ పట్టీలో అవి ఇరుకుతున్నాయి. అన్ని అంగుళాల గాజులో మా 'ట్న' కింద ఇంకొక్క వెంట్రుకవాసి చోటు ఇవ్వండయ్యా!