8139 డ్రైవర్ పనితనం

మదనపల్లె, పుంగనూరు కంప్యూటర్ అంగళ్ళలో పాత మదర్‌బోర్డు బల్ల మీదికొస్తే చిక్కంతా నెట్‌తోనే. విండోస్ ఎక్కుతుంది, కానీ డివైస్ మేనేజర్‌లో ఈథర్‌నెట్ కంట్రోలర్ పక్కన పసుప్పచ్చ గుర్తు పోదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి.

పని తెలిసిన మెకానిక్ బోర్డు పేరు కోసం తిప్పలు పడడు. హార్డ్‌వేర్ ఐడీ చూస్తాడు. వెండర్ 10ఈసీ అంటే రియల్‌టెక్, చిప్ మీద పీత బొమ్మ ఉంటుంది. డివైస్ 8139 అయితే, 2002లో హెచ్‌పీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టిన నాళ్ళలో ఎక్కడ చూసినా కనిపించిన 100 మెగాబిట్ చిప్ అది. సరైన డ్రైవర్‌ను వేరే మెషీన్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెస్తే సరి. లినక్స్ అయితే ఆ తిరుగుడు కూడా ఉండదు, 8139టూ డ్రైవర్ దాంతోపాటే వస్తుంది.

ఆ డ్రైవర్ కోడ్ చదవడమంటే నాకెంతో ఇష్టం. నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసిన డొనాల్డ్ బెకర్ కోడ్ ఆధారంగా 2000 ప్రాంతంలో జెఫ్ గార్జిక్ రాశాడు. చిప్ చవకది. పంపడానికి నాలుగే డిస్క్రిప్టర్లు. డేటా మెమరీలో నాలుగు బైట్ల హద్దు మీద మొదలవ్వకపోతే తీసుకోదు. అందుకే డ్రైవర్ ప్రతి ప్యాకెట్‌నూ సరైన హద్దున్న తన బఫర్‌లోకి కాపీ చేసి ఇస్తుంది. ప్యాకెట్ 60 బైట్లకు తక్కువైతే ముందుగా ఆ చోటంతా సున్నాలతో తుడుస్తుంది. తుడవకపోతే పాత ప్యాకెట్ ముక్కలు తీగ మీదుగా బయటికి పోతాయి. 2003లో ఈథర్‌లీక్ పేరుతో చాలా డ్రైవర్లలో బయటపడ్డ లోపం ఇదే. ఒక్క వరుస కోడ్, ఎంత జాగ్రత్త!

వచ్చే ప్యాకెట్లను చిప్ 32 కిలోబైట్ల బఫర్‌లో గానుగెద్దులా చుట్టూ తిరుగుతూ రాస్తుంది. చివరి ప్యాకెట్ తెగకుండా డ్రైవర్ అంచున 2048 బైట్లు అదనంగా ఉంచుతుంది. ఎంతవరకు చదివిందో చిప్‌కు చెప్పేటప్పుడు మాత్రం అసలు స్థానంలోంచి 16 తీసేసి చెప్పాలి. చిప్ లెక్క అంతే. ఆ 16 తీసే చోటు చూస్తే, చిప్‌తో కూర్చుని దాని నడక పట్టుకున్నవాళ్ళ ఓపిక తెలుస్తుంది.

నాకు బాగా నచ్చేది మరొకటి. అదే ఐడీతో 8139సీ ప్లస్ అనే మెరుగైన చిప్ కూడా వచ్చింది. డ్రైవర్ చిప్ రివిజన్ చూసి, అది ప్లస్ చిప్ అని తేలితే దాన్ని ముట్టుకోదు, 8139సీపీ డ్రైవర్ వాడమని లాగ్‌లో రాసి తప్పుకుంటుంది. లినక్స్‌లో ఐడీ సరిపోయినా నెట్ రాలేదంటే మెకానిక్ ముందు వెతకాల్సింది లాగ్‌లోని ఆ వరుసనే.