ఇంట గెలిచి గుమ్మంలో ఓడిన బాట్లు

2010లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ క్లబ్, గూగుల్ అండతో, ‘ప్లానెట్ వార్స్’ అనే పోటీ నడిపింది. ఆడేది మనిషి కాదు, మనిషి రాసి పంపిన ప్రోగ్రామ్. దాన్నే బాట్ అంటారు. కొన్ని గ్రహాలు, వాటి మీద నౌకలు. వంతు వచ్చినప్పుడల్లా బాట్ పరిస్థితి చదువుకుని, ఏ గ్రహం నుంచి ఎన్ని నౌకలు ఎటు పంపాలో చెప్పాలి. గెలిచింది హంగరీకి చెందిన గాబోర్ మెలిస్. ఆయన బాట్ రాసింది కామన్ లిస్ప్‌లో. అందరూ సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్ అంటుంటే లిస్ప్ గెలవడమేమిటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

ఇలాంటి పోటీల గురించి రాసేవాళ్లు ఎత్తుగడల్నే పోల్చి చూస్తారు. ఎత్తుగడ దాకా రాకుండానే ఆగిపోయిన బాట్ల ఊసు ఎవరికీ పట్టదు. పంపేది సోర్సు కోడు. నిర్వాహకుల లినక్స్ యంత్రం దాన్ని కంపైల్ చేయాలి, ఆ తర్వాతే ఆట. కంపైల్ కాకపోతే బాట్ గుమ్మంలోనే నిలబడిపోతుంది, చేతికి మిగిలేది ఒక ఎర్రర్ సందేశం. ఆ సందేశాన్ని కూడా ఒక రచనగా చదవచ్చని నా అభిప్రాయం. దానికీ ఒక శైలి ఉంది, ఒక స్వభావం ఉంది. ఒకే తప్పును రెండు మూడు భాషలు ఎలా చెబుతాయో పక్కపక్కన పెట్టి చూస్తే అది తెలుస్తుంది.

ఒక తప్పు తీసుకుందాం. బాట్ దగ్గర గ్రహాల జాబితా ఉంది, దాన్ని వరసలో పెట్టాలి. సార్ట్ అని రాశాం. ఏ గ్రహం ముందు, ఏది వెనక అన్నది మాత్రం చెప్పడం మరిచాం. సీ ప్లస్ ప్లస్ ప్రపంచంలో బాగా వాడుకలో ఉన్న జీ ప్లస్ ప్లస్ కంపైలర్ దీనికి పేజీలకు పేజీలు గుమ్మరిస్తుంది. మొదటి వరసలో మన ఫైలు పేరే ఉండదు, ఎస్‌టీఎల్ లైబ్రరీ లోపలి ఫైళ్ల పేర్లుంటాయి. మనం ముట్టుకోని ఫైల్లో, మనం రాయని వరసలో తప్పుందంటుంది. కొత్తవాడు అక్కడే బెంబేలెత్తిపోతాడు. అలవాటైనవాడు పైనుంచి చదవడు. తన ఫైలు పేరు, అంటే మైబాట్ డాట్ సిసి, ఎక్కడుందా అని వెతుకుతాడు. దాని పక్కన ‘రిక్వయర్డ్ ఫ్రమ్ హియర్’ అని ఉంటుంది (పాత వెర్షన్లలో ‘ఇన్‌స్టాన్షియేటెడ్ ఫ్రమ్ హియర్’). అంత గోలలో మనకు కావలసింది ఆ ఒక్క వరస.

ఇదే తప్పు పైథాన్ 3లో చేస్తే ఒక్క వాక్యం: ప్లానెట్‌కీ ప్లానెట్‌కీ మధ్య ‘కంటే చిన్న’ గుర్తు చెల్లదు. ముచ్చటగా, మర్యాదగా ఉంది. కానీ పంపినప్పుడు ఆ వాక్యం రాదు. ఆట మొదలై, ఆ వరస నడిచినప్పుడు వస్తుంది. ఇక ప్లానెట్ వార్స్ నాటికి జనం వాడుతున్న పైథాన్ 2 అయితే ఆ మాత్రం కూడా అనదు. పోల్చే పద్ధతి చెప్పకపోతే ఆ వస్తువులు మెమరీలో ఏ చిరునామాలో ఉన్నాయో చూసి వాటినే వరసలో పెట్టేస్తుంది. బాట్ ఆడుతుంది, పిచ్చిగా ఆడుతుంది, మనం ఎత్తుగడ బాగాలేదేమోనని రాత్రంతా తల పట్టుకుంటాం.

జావా ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కలెక్షన్స్ సార్ట్‌కి గ్రహాల లిస్టు ఇస్తే కంపైలర్ గుమ్మంలోనే ఆపుతుంది. అవే గ్రహాల్ని అర్రేలో పెట్టి అర్రేస్ సార్ట్ అంటే మాత్రం పోనిచ్చి, ఆటలో క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్‌తో పడేస్తుంది. ఒకే ఇంట్లో రెండు న్యాయాలు.

మాట తీరు చూస్తే పైథాన్‌కే మార్కులు పడతాయి. నేను మాత్రం పోటీకి జీ ప్లస్ ప్లస్సే మేలంటాను. గుమ్మంలో తిట్టినవాడి వల్ల పరువు పోదు, సరిచేసి మళ్లీ పంపుకోవచ్చు. పైథాన్‌లో పేరు తప్పుగా రాసిన చోటు శత్రువు మీదపడినప్పుడు మాత్రమే పిలిచే రక్షణ ఫంక్షన్లో ఉందనుకోండి. చేతగాని ప్రత్యర్థులతో సాధన చేసినన్నాళ్లూ అది బయటపడదు. గట్టివాడు ఎదురైన రోజు, సరిగ్గా ఆ వంతులో, నేమ్ ఎర్రర్. పైథాన్‌లోని ‘పై_కంపైల్’ మాడ్యూల్‌తో ముందే తనిఖీ చేసినా లాభం లేదు, అది వ్యాకరణం చూస్తుంది గానీ పేర్లు చూడదు. పేర్ల కోసం పైఫ్లేక్స్ లాంటిది వేరే నడపాలి.

వాటర్లూ వాళ్లకి ఈ సంగతి తెలుసు. 2011లో వాళ్లే పెట్టిన ‘యాంట్స్’ పోటీలో ఆటగాళ్లకు ఇచ్చిన పైథాన్ స్టార్టర్ ప్యాకేజీ తెరిచి చూస్తే, ఆట నడిపే లూపు చుట్టూ ఒక వల కట్టి ఉంటుంది. ఎర్రర్ వస్తే దాన్ని స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాసి, బాట్‌ను బతికించి ఉంచాలని చూస్తుంది. దయగల ఏర్పాటే. కాకపోతే ఆ వంతులో అప్పటికింకా ఆజ్ఞ అందని చీమలు ఉన్నచోటే నిలబడిపోతాయి. బయటినుంచి చూసేవాడికి ఆ బాట్ ఏదో ఆలోచిస్తున్నట్టే ఉంటుంది.

అసలు సందేశమే లేని తప్పు ఇంకొకటుంది. స్టార్టర్ ప్యాకేజీ వదిలేసి సొంతంగా రాసుకున్నవాళ్లు ఇందులో పడతారు. పైథాన్ ప్రింట్ చేసింది టెర్మినల్ మీద వెంటనే కనిపిస్తుంది. అటువైపు పైపు ఉంటే బఫర్‌లో ఆగిపోతుంది. ఫ్లష్ అనకపోతే బాట్ జవాబు చెప్పాననుకుంటుంది, ఆట నడిపే ఇంజన్ ఇంకా జవాబు రాలేదనుకుంటుంది, చివరికి టైమవుట్. ఇంట్లో చక్కగా ఆడింది కదా!

ఆ ‘ఇంట్లో’ అన్న మాట దగ్గరే అసలు విషయం ఉంది.

కంపైలర్ల మాట తీరు ఈమధ్య బాగా మారింది. జీ ప్లస్ ప్లస్ ఉండే జీసీసీ కంపైలర్ కుటుంబం 4.8 వెర్షన్‌తో, 2013లో, తప్పున్న వరస చూపించి దాని కింద బాణం గుర్తు పెట్టడం నేర్చుకుంది. క్లాంగ్ అనే మరో కంపైలర్ ఆ పని అంతకు ముందే చేసేది. ఎల్మ్ భాష 2015లో సందేశాలను మనిషి మాట్లాడినట్టు తిరగరాసుకుంది, ఆ మరుసటేడు రస్ట్ అదే దారి పట్టింది. బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఏదో కింది వరసను చూపించి ‘ఇన్వాలిడ్ సింటాక్స్’ అని ఊరుకునే పైథాన్, 2021లో వచ్చిన 3.10 నుంచి ఏ బ్రాకెట్ మూయలేదో చెబుతోంది. అన్నీ మంచి మార్పులే. కానీ ఇవన్నీ నీ కోడు నీ యంత్రం మీద తప్పయినప్పుడు పనికొచ్చే మర్యాదలు. పోటీలో వచ్చే కంపైల్ గొడవల్లో చాలావాటికి కారణం వేరు. కోడు ఇంట్లో నడిచింది, రచ్చలో నడవలేదు. కంపైలర్ మాట్లాడుతున్నది మనం చూడని ఇంకో యంత్రం గురించి.

ప్లానెట్ వార్స్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలో హెడర్ ఫైలు పేరులో పీ, డబ్ల్యూ పెద్దక్షరాలు. విండోస్‌లో కూర్చుని అన్నీ చిన్నక్షరాలతో ఇన్‌క్లూడ్ చేస్తే విండోస్ పట్టించుకోదు. లినక్స్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు, ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటుంది. సీస్ట్రింగ్ హెడర్లో ఉండే మెమ్‌సెట్ ఫంక్షన్ సంగతీ అంతే. 2008లో వచ్చిన జీసీసీ 4.3కి ముందు కొన్ని హెడర్లు సీస్ట్రింగ్‌ని తమ వెంట తెచ్చేవి. ఆ వెర్షన్‌లో హెడర్లను శుభ్రం చేశాక ఎవరికి కావలసింది వాళ్లే తెచ్చుకోవాల్సి వచ్చింది. పాత కంపైలర్ ఉన్న ఇంట్లో నడిచిన కోడుకి కొత్త కంపైలర్ ఉన్న గుమ్మంలో ‘ఈ స్కోప్‌లో డిక్లేర్ చేయలేదు’ అన్న మాట ఎదురైంది. రెండూ నిజమే చెప్పాయి.

మన దగ్గర ఈ దూరం ఇంకా ఎక్కువ. ఇంజనీరింగ్ కాలేజీ లాబుల్లో టర్బో సీ ప్లస్ ప్లస్ నీలం తెర ఎన్నేళ్లు రాజ్యమేలిందో ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అది 1998 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణం కంటే ముందుది. ఆమధ్య తెలిసినవాళ్ల అబ్బాయి ఒక బాట్ పోటీకి పంపి, ఫెయిలైందని ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. “నా సిస్టంలో నడిచింది సర్, వాళ్ల సర్వరే బాగాలేదు” అన్నాడు. కోడు మొదటి వరసలో ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్. జీ ప్లస్ ప్లస్ అక్కడే ఫేటల్ ఎర్రర్ అని ఆగిపోయింది, కింద ఏముందో చూడనే లేదు. డాట్ హెచ్ తీసేశాం. ఇప్పుడు కోనియో డాట్ హెచ్ దగ్గర ఆగింది. అదీ తీసేశాం. మూడోసారి ఒక్కసారిగా కట్ట తెగింది: సీఅవుట్ తెలియదు, సీఇన్ తెలియదు, క్లియర్ స్క్రీన్ అసలే తెలియదు, మెయిన్ ఇంట్ ఇవ్వాలి.

సందేశాలు తగ్గాల్సింది పోయి పెరిగేసరికి అబ్బాయి మొహం వాడిపోయింది. నిజానికి ముందుకే వెళ్తున్నాం. మొదటి రెండుసార్లు కంపైలర్ అతని కోడు చదవనే లేదు, మూడోసారి మొత్తం చదివింది. యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ అని ఒక వరస చేర్చాం. క్లియర్ స్క్రీన్ కొట్టేశాం, చూసేవాడే లేని తెరను తుడవడమెందుకు? చివరికి వాయిడ్ మెయిన్ తీసి ఇంట్ మెయిన్ పెట్టమన్నాను.

పెట్టాడు. కంపైల్ అయింది. కాసేపు తెర వైపు చూసి, “సర్, మరి లాబ్ రికార్డులో వాయిడ్ మెయిన్ అనే రాయాలి కదా?” అన్నాడు.

“రికార్డులో అలాగే రాయి నాన్నా, మార్కులు వేసేది మీ సర్ కదా” అన్నాను.