కాలిఫోర్నియా చలి, కోరుట్ల చలి

శిశువుకు ఆటిజం రావడానికి పుట్టిన ఋతువు కారణమన్న మాట ఇటీవల చదువుకొన్నవారి నోట కూడ వినబడుతున్నది. ఆటిజం అనగా మెదడు ఎదుగుదలలోని ఒక తేడా. అట్టి పిల్లలకు ఎదుటివారితో చూపు కలపడం, మాట కలపడం కష్టం. "సైన్సు చెప్పింది గదా" అనేవారు చూపే పరిశోధనలలో పెద్దది 2011 లో వెలువడినది. దానినే పరీక్షిద్దాం.

కాలిఫోర్నియాలో 1990–2002 మధ్య పుట్టిన సుమారు 66 లక్షల పిల్లల వివరాలు అందులో ఉన్నవి. వారిలో 19,238 మందికి ఆటిజం. వేసవిలో కడుపున పడినవారికంటె డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలలో కడుపున పడినవారికి ఆ అవకాశం 6 శాతం ఎక్కువ. గమనించండి: అది గర్భం నిలిచిన కాలం, పుట్టిన కాలం కాదు. ఆ పిల్లలు పుట్టేది సెప్టెంబరు-నవంబరు ప్రాంతంలో. నోటినుండి నోటికి పోవడంలో ఇది తలక్రిందులైనది.

6 శాతమంటే ఎంత? 10,000 మందిలో 29 ఉన్న సంఖ్య 31 కి చేరడమన్నమాట. పరిశోధకులు తల్లి చదువు మొదలైనవి లెక్కలోనికి తీసుకొన్నారు. ఆ జాగ్రత్త మెచ్చదగినదే. కాని కారణం ఫ్లూ జ్వరమా, ఎండ తగలక డి విటమిను తగ్గడమా, పురుగుమందులా అన్నది ఊహగానే మిగిలినది. ఇజ్రాయెల్ (2006), డెన్మార్కు (2007) పరిశోధనలలోనైతే ఋతువుతో స్పష్టమైన సంబంధమే కనబడలేదు.

పైగా ఆ చలి వేరు, మన చలి వేరు. కోరుట్ల వైపు జనవరి, ఫిబ్రవరి నెలలు పసుపు తవ్వే కాలం. స్త్రీలు పగలంతా ఎండలోనే ఉంటారు. ఎండకు వెరచి ఇంట ఉండేది మే నెలలో.

విద్యార్థులు ఈ చిన్న లెక్క వేయవచ్చును. జగిత్యాల జిల్లా జనాభా సుమారు 10 లక్షలు. ఏటా వెయ్యికి 16 జననాలు, నూటికొకరికి ఆటిజం అనుకొందాం. (హైదరాబాదుతోసహా దేశంలో అయిదుచోట్ల జరిపి 2018 లో ప్రకటించిన సర్వేలో వచ్చిన పాలు ఇంచుమించు ఇదే.) నెలకు 13 మంది అవుతారు. ఏ కారణమూ లేకుండానే ఆ సంఖ్య ఒక నెల 10, మరొక నెల 17 కావచ్చును. 13 లో 6 శాతమంటే ఒక్క బిడ్డయినా కాదు! ఇంత చిన్న తేడాను ఒక జిల్లాలో ఎవరు పట్టగలరు?

అసలు పుట్టిన నెల దగ్గరే చిక్కున్నది. సిరిసిల్లలోగాని జగిత్యాలలోగాని, తేదీ తెలియని పిల్లలకు బడిలో జూన్ నెల వేసిన సంగతి ఉపాధ్యాయులు ఎరిగినదే.

ఇంతటి బలహీనమైన ఆధారంతో నెలను పట్టుకొంటే నింద పడేది తల్లిమీద. నక్షత్రం బాగాలేదనే పాత మాటకు ఇది కొత్త చొక్కా. ఈలోగా బిడ్డకు ఏండ్లు గడచిపోతాయి. 2013 లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పరీక్షించే లోపాలలో ఆటిజం కూడ ఉన్నది. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని, కావలసిన వస్తువును వేలితో చూపని, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి పలకని శిశువును, ఏ నెలలో పుట్టినదైనా, వారికి చూపించవచ్చును.