చెల్క కింద ఎన్ని నీళ్లు?

ఈ వారం దేవరకొండ వైపు నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశాడు. బోరు వేయించబోతున్నాడట. ఇప్పటికే వేసినవాటిలో ఒక్కటే ఆగి ఆగి పోస్తోందట. “సారూ, రాజస్థాన్‌ల హెలికాప్టర్ తిప్పి భూమిల నీళ్లు చూస్తున్నరట గద. మన చెల్కల మీద గూడ ఒక్కపారి తిప్పితే ఏం పోతది?” అన్నాడు. ఆ మాట నాకెంతో నచ్చింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డ చోట సున్నం గీత గీసేవాళ్ల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. కాయను కాదని యంత్రాన్ని అడిగే రైతు ఫోన్ చేస్తే ఆ రోజంతా సంతోషంగానే ఉంటుంది.

ఆయన విన్నది నిజమే. 2021 అక్టోబరులో జోధ్‌పూర్‌లో ఆ పని మొదలైంది. చేపట్టింది మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్ఐ వాళ్లే. రాజస్థాన్, గుజరాత్, హర్యానా, పంజాబ్‌లలో లక్షన్నర చదరపు కిలోమీటర్ల మెట్ట నేలను గాలిలోంచి చూడాలని సంకల్పం. హెలికాప్టర్ కింద పెద్ద తీగచట్రం వేలాడుతూ పోతుంది. అందులోంచి కరెంటును ఉన్నట్టుండి ఆపేస్తే నేల లోపల క్షణకాలం చిన్న ప్రవాహాలు పుడతాయి. అవి ఎంత త్వరగా ఆరిపోయాయో చూసి, కింద ఏ పొర ఎక్కడుందో అంచనా కడతారు.

అయితే ఎడారిలో ఇది అంత బాగా పలకడానికి కారణం ఎడారి అడుగునే ఉంది. జైసల్మేర్‌లో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. కానీ అక్కడ ఇసుక తిన్నెల కింద లాఠీ ఇసుకరాయి పొరలున్నాయి, డైనోసార్ల కాలం నాటివి. రేణువుకూ రేణువుకూ మధ్య సందులుంటాయి కాబట్టి ఆ రాయి నీళ్లు పట్టుకుంటుంది, అడిగితే ఇస్తుంది. లిబియా సంగతి ఇంకా పెద్దది. 1950లలో చమురు కోసం తవ్వితే సహారా అడుగున ఇసుకరాయిలో మంచినీళ్లు బయటపడ్డాయి. 1984లో పైపులు వేయడం మొదలుపెట్టి 1991కల్లా బెంఘాజీకి తెచ్చుకున్నారు. వేల ఏళ్ల కిందట, సహారాలో వానలు పడే రోజుల్లో ఇంకిన నీళ్లవి. మళ్లీ నిండేవి కావు.

మనకు జైసల్మేర్‌కు మూడింతల వాన పడుతుంది. పాలమూరులో 600 మిల్లీమీటర్లు, నల్గొండలో ఇంకాస్త ఎక్కువ. లేనిదల్లా ఆ వానను దాచుకునే చోటే. మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు. పొరలు పేరిన రాయి కావాలంటే అంచులకు పోవాలి. తాండూరు వైపు నాపరాయి, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి, అచ్చంపేట దాటాక నల్లమల మీద కరుకు ఇసుకరాయి. ఉమామహేశ్వరం గుడికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, నిండు ఎండాకాలంలోనూ కొండ చరియలోంచి నీళ్లు ఊరుతుంటాయి. పైన పగుళ్లున్న ఇసుకరాయి, కింద గట్టి గ్రానైటు. పైన పడ్డ వాన కిందికి పోయే దారిలేక పక్కకు వస్తుంది. ఆ ధార కింద చేయి పెట్టినప్పుడల్లా, ఈ రాయి మన ఊళ్లదాకా ఎందుకు రాలేదా అనిపిస్తుంది నాకు.

గ్రానైటు ఊళ్లకు పనికొచ్చే యంత్రం హెలికాప్టర్ కంటే చాలా చిన్నది. నకిరేకల్ దగ్గర ఒక చెల్కలో దాన్ని మొదటిసారి చూశాను. నాలుగు ఇనుప కడ్డీలు, నాలుగు చుట్టల వైరు, మధ్యలో ఒక పెట్టె. బయటి రెండు కడ్డీల గుండా నేలలోకి కరెంటు పంపుతారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎండిన చెల్కలోకి కరెంటు దిగడం లేదని ఒక కుర్రాడు చెంబుతో ఉప్పునీళ్లు తెచ్చి కడ్డీల మొదట్లో పోస్తున్నాడు. సుత్తెతో కొట్టడం, వైరు లాగడం, అంకె అరవడం, ఇంకొకరు రాసుకోవడం. బయటి కడ్డీలు దూరం జరిగేకొద్దీ చూపు లోతుకు పోతుంది. కాగితం మీద చుక్కలు కలిపితే గీత పైనుంచి దిగి, కాసేపు అడుగున నడిచి, మళ్లీ ఎగబాకింది. పైన ఆరిన మట్టి, మధ్యలో తడిసిన మొరం, కింద పచ్చి బండ. తడి మొరం విశిష్ట నిరోధం పదుల ఓమ్ మీటర్లలో ఉంటే బండది వేలల్లో ఉంటుంది. చేను గట్టు మీద కూర్చుని ఆ గీతను చూస్తుంటే నేలకు మాటలొచ్చినట్టనిపించింది.

కొబ్బరికాయను కోప్పడతాను గానీ పాత విద్యనంతటినీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల కింది నీళ్ల కోసమే దకార్గళమని ఒక అధ్యాయం పెట్టాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎటు తవ్వాలో, ఎంత లోతున నీళ్లో చెప్పాడు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య ఈ.ఎ.వి. ప్రసాద్ దాని మీద 1980లో పుస్తకమే రాశారు. చెదపురుగుకు తేమ కావాలి కాబట్టి పుట్టను చూడమనడంలో అర్థముంది. మన పెద్దలు చేనులో నల్లరాయి కట్ట ఎటు పోతోందో, పలుగు రాళ్లు ఎక్కడ తేలాయో చూసి బావి తవ్వేవాళ్లు. నేల లోపల అడ్డంగా లేచిన ఆ నల్లరాయి గోడ చాలాచోట్ల నీటిని ఆపుతుంది. ఎగువన బావి నిండుతుంది, దిగువన ఎండుతుంది. అదీ పరిశీలనే.

ఇంతదాకా వచ్చాక ‘మిషను పెట్టి చూడందే బోరు వేయొద్దు’ అని నా పాత పాట అందుకోవాలి. కానీ ఆ ఫోన్ తర్వాత కాగితం పెట్టుకుని ఒక లెక్క వేశాను.

మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్ఐ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి మన రాతిని కొలిచారు. నీళ్లుండేది పై మొరంలోనూ దాని కింద పగుళ్లు పట్టిన పొరలోనూ. ముప్పై నలభై మీటర్లు దాటితే పగుళ్లు బాగా తగ్గిపోతాయి. ఆ రాయి మొత్తం పరిమాణంలో మనకు వదిలే నీరు వందలో ఒకటిన్నర పాలు. అంటే 15 మిల్లీమీటర్ల నీళ్లు తోడితే మట్టం మీటరు దిగుతుంది. ఎకరం వరికి హీనపక్షం మీటరు ఎత్తు నీళ్లు కావాలి. మడిలో పెట్టినదాంట్లో సగం తిరిగి ఇంకిందనుకున్నా, ఆ ఎకరం కింద మట్టం ముప్పై మీటర్ల పైన దిగాలి. ఉన్న నీటి సంచే అంత! పడ్డ వానలో పదో వంతు ఇంకిందనుకుంటే, ఒక్క ఎకరం యాసంగి వరి చుట్టుపక్కల ఎనిమిది ఎకరాల ఏడాది ఇంకుడును తాగేస్తుంది. పక్క రైతు బోరు ఎండిందంటే బోరు వేసే పాయింటు తప్పి కాదు.

ఈ లెక్కను ఏ పాయింటూ మార్చలేదు. మిషను చెప్పేది తడి మొరం ఎక్కడ మందంగా ఉందో. అక్కడ మొదట వేసినవాడికి రెండించుల నీళ్లు పడొచ్చు, కానీ అదే సంచికి ఇంకో పొక్క పడ్డట్టే. వెయ్యి ఫీట్ల లోతున ఉన్న వెంట్రుకవాసి పగులును పైనుంచి అది గట్టిగా చూపలేదు కూడా. నల్గొండ జిల్లా ముసంపల్లిలో మనుషులకంటే బోర్లే ఎక్కువని పాలగుమ్మి సాయినాథ్ 2000 దశకంలోనే రాశారు. లోతుకు పోతే దొరికే కాసిన్ని నీళ్లు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్నవి. మన గ్రానైటులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలున్నాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లను, బిగిసిన నడుములను చూసినవాళ్లకు ఇంకేం చెప్పాలి?

అందుకే నా ఓటు ఇప్పుడు బోరులో నీటిమట్టం కొలిచే టేపుకు. 2003 తర్వాత కొన్నేళ్లు ఏపీఫామ్స్ అనే కార్యక్రమం పాలమూరు, నల్గొండతో కలిపి ఏడు జిల్లాల్లో నడిచింది. రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకెన్ని అని లెక్క తీశారు. టేపు చివరి ముల్లు నీటికి తగలగానే బజర్ మోగుతుంది. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే భూభౌతిక శాస్త్రం అది. నీళ్లెక్కడున్నాయని కాక, ఎన్ని ఉన్నాయని అడిగిన శాస్త్రం.

హెలికాప్టర్ రావాలంటే ప్రభుత్వాలు కదలాలి. టేపుకు ఊళ్లో నలుగురు చాలు. మోటారు తీసేసిన పాత బోరొకటి చూసుకోండి. చుట్టుపక్కల మోటార్లు రాత్రంతా ఆపించి, తెల్లారి కొలవండి. వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి కొలిచి రెండంకెలూ బడి గోడ మీద రాయించండి. వరి నార్లు పోసే ముందే ఆ గోడ దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. ఏ ఊరివాళ్లు అంకెలు పంపినా ఊరి పేరుతో సహా ఇక్కడ అచ్చు వేస్తాను.