నోటి కణజాలం చదివే విద్య

నోటి వ్యాధుల పాథాలజీ, సూక్ష్మజీవశాస్త్రంలో పీహెచ్‌డీ సాధారణంగా ఐదేళ్ల బీడీఎస్, మూడేళ్ల ఎండీఎస్ పూర్తిచేసినవారు చేపట్టే చదువు. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఈ పరిశోధనకు తగిన ప్రశ్న జనం నోళ్లలోనే ఉంది. అక్కడి తిరుత్తణి వైపు కూడా ఆకువక్క పాత అలవాటే. వక్క నమిలే కొందరిలో బుగ్గ లోపలి పొర కింద కొల్లాజెన్ పేరుకుని నోరు పూర్తిగా తెరుచుకోదు. ఈ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌ను 1952లో ష్వార్ట్జ్ అనే పరిశోధకుడు తూర్పు ఆఫ్రికాలోని భారతీయ స్త్రీలలో వర్ణించారు. కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఈ మార్పులను కణజాలంలో గుర్తించే పరిశోధకుల పనితనం మెచ్చదగింది. బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, పారఫిన్‌లో పొదిగి, మైక్రోటోమ్‌తో నాలుగైదు మైక్రాన్ల పొరలు కోస్తారు. ఉల్లిపొర కన్నా ఎంతో పల్చనైన ఆ రిబ్బన్‌ను ముడత పడకుండా గోరువెచ్చని నీటిపై తేల్చి స్లైడ్‌కెత్తడం ఏళ్ల సాధన. హెమటాక్సిలిన్ కేంద్రకాలకు నీలిరంగు, ఇయోసిన్ మిగతాదానికి గులాబీరంగు ఇస్తాయి. కణాలు ఎంత దారి తప్పాయో తేల్చడం అసలు కష్టం. అనుభవజ్ఞులిద్దరు ఒకే స్లైడ్‌కు వేర్వేరు గ్రేడ్లు ఇవ్వవచ్చు. అందుకే రోగి వివరాలు దాచి, విడివిడిగా చదివించి, ఏకీభావాన్ని లెక్కగడతారు. కాండిడా శిలీంధ్రం అనుమానముంటే పీఏఎస్ అనే రంగు వేసి చూస్తారు.