తర్వాత విప్పేవాడి కోసం

నా బండి ఆయిల్ మూత తిప్పి తీసి, దాని అంచు వేలితో తుడిచి చూశాడు మేస్త్రి. వేలికి అంటింది నల్లటి ఆయిలు కాదు, చిక్కటి పాలు పోసిన టీ రంగు. "నీళ్లు కలిశాయండీ. పంపు విప్పాలి," అన్నాడు.

విజయవాడ ఆటోనగర్ దాపున రేకుల షెడ్డు ఆయనది. గాలికి చల్లబడే ఇంజన్ల మీద పని నేర్చుకున్న తరం. 2008లో యమహా ఆర్15, 2012లో పల్సర్ 200ఎన్ఎస్ వచ్చాక రేడియేటరున్న బళ్లు షెడ్డు ముందు ఆగసాగాయి. అప్పటికే చేయి తిరిగిన మనిషి, మళ్లీ పలక పట్టాడు.

వాటర్ పంపు గుప్పెడంత ఉంటుంది. లోపల రెక్కల చక్రం, దాన్ని తిప్పే ఇరుసు. ఇరుసుకు ఒక పక్క కూలెంటు, రెండో పక్క ఇంజనాయిలు, మధ్యలో రెండు సీళ్ల కాపలా. ఆ రెండింటి నడుమ ఖాళీ నుంచి కిందికి సన్నని బెజ్జం ఒకటి వదులుతారు. నీటి సీలు అరిగితే అక్కడ కూలెంటు బొట్టు కడుతుంది, ఆయిల్ సీలు పోతే ఆయిలు బొట్టు కడుతుంది. రోగం ముదరకముందే చెప్పే నాడి అది. నా బండికి ఆ బెజ్జాన్ని లోగడ ఎవరో ఎం-సీల్ ముద్దతో పూడ్చేశారు. కారడం ఆగింది, నేనూ సంతోషించాను. బయటికి దారి లేని నీళ్లు రెండో సీలును దాటి ఆయిల్లోకి దిగాయి.

పంపు మూతకు నాలుగు బోల్టులు, 6 మిల్లీమీటర్లవి. నాలుగూ పట్టేశాయి. అల్యూమినియంలో ఉక్కు బోల్టు, పైన తడి: అదొక చిన్న బ్యాటరీ. అందులో ముందు తినుకుపోయేది అల్యూమినియమే. మిగిలే తెల్లపొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి కనుక మరల సందుల్లో ఇరుకుతుంది. కూలెంటుకు బదులు కుళాయి నీళ్లు పోసిన బండికి ఈ జబ్బు మరీ తొందరగా వస్తుంది.

నేనైతే పానా పెట్టి ఒక్క గుంజు గుంజేవాణ్ని. ఆయన ముందు ఇనుప బ్రష్షుతో తలలు శుభ్రం చేశాడు. తుప్పు వదిలించే నూనె కొట్టి, చిన్న సుత్తితో ఒక్కో తల మీద టకటకా తట్టాడు. ఆ అదురుకే నూనె లోపలికి పాకుతుందట. "రేపు రండి," అన్నాడు.

మర్నాడు పానా పెట్టి మొదట బిగించే వైపు ఒక వెంట్రుకవాసి నొక్కాడు. ఆ తర్వాతే విప్పే వైపు. పావు చుట్టు వస్తే అర పావు వెనక్కి, మళ్లీ ముందుకు. రెండు బోల్టులు అలా వచ్చాయి. మూడోదానికి నూనె శుభ్రంగా తుడిచి, చుట్టూ అల్యూమినియానికి వేడిగాలి పెట్టాడు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి పట్టు సడలుతుంది. అదీ కదిలింది.

నాలుగోది తిరిగినట్టే అనిపించింది కానీ మర కదల్లేదు. బోల్టు మెలి తిరుగుతోందని ఆయన మణికట్టుకు తెలిసి చెయ్యి తీసేలోపే తల ఊడి వచ్చింది. మూత తీస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల మోడు నిలబడి ఉంది. విరిగిన బోల్టులు తీసే ఈజీ-అవుట్ పెట్టమని సలహా ఇచ్చాను. "అది లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదండీ," అన్నాడు. వెల్డింగ్ కరెంటు తగలకుండా బ్యాటరీ తీశాడు, ఈసీయూ కప్లర్ ఊడదీశాడు. మోడు మీద నట్టు ఒకటి పెట్టి, దాని కన్నంలో వెల్డింగ్ నింపాడు. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అంటదు. నట్టూ మోడూ ఒకటయ్యాయి, ఆ వేడికి పట్టు సడలింది. ఎరుపు చల్లారేదాకా ఆగి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, వడ్రంగి చీల ఊడబెరికినంత నెమ్మదిగా తీశాడు. మరలో ట్యాపు దింపితే తెల్లపొడి రాలింది. మర బతికే ఉంది.

సీళ్ల పనికి చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. నీటి సీలులో ఒకదానికొకటి ఒరుసుకునే నున్నటి ముఖాలుంటాయి, వాటి మీద వేలిముద్ర కూడా పడకూడదు. ఇరుసు మీద గోటితో గీసి చూశాడు, గాడి తగల్లేదు. సీలు అంచుకు సరిపోయే పాత బేరింగ్ రింగు పెట్టి, వంకర పోకుండా లోపలికి దించాడు. ఇంజనాయిలు మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాడు. రెండోసారి తేటగా వచ్చింది.

కొత్త బోల్టుల మరలకు రాగి గ్రీజు పల్చగా రాశాడు. దేనికన్నాను. "రేపు ఎవరో విప్పాలిగా!" గ్రీజున్న మర సులువుగా తిరుగుతుంది కనుక, మామూలుగా 10 న్యూటన్ మీటర్లు పట్టే చోట కాస్త తగ్గించి, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. పిడికిలితో కాదు, మూడు వేళ్లతో.

ఆ విప్పేవాడు ఆయనే కావచ్చు, ఏ ఊళ్లోనో ముక్కూ మొహం తెలియని కుర్రాడు కావచ్చు. తనకు ముందు పనిచేసినవాడు వదిలినవన్నీ ఈయన రెండు రోజులు మోశాడు. తన తర్వాతివాడికి మాత్రం ఏ బరువూ మిగల్చలేదు.

"మళ్లీ కారితే?" అన్నాను.

"కారనివ్వండి. కారితేనేగా మీకు తెలిసేది." సన్నని తీగతో ఆ బెజ్జంలో ఒకసారి పొడిచి, దారి ఉందని చూసుకుని లేచాడు.