పిందెలో టెంక, గుడ్డులో నెత్తుటి చుక్క

కడుపులో బిడ్డకు మొదట ఏర్పడేది ఏ అవయవం? సుశ్రుత సంహిత శారీరస్థానం మూడో అధ్యాయంలో ఈ ప్రశ్న మీద ఒక వాదం జరుగుతుంది. తల అంటాడు శౌనకుడు, ఇంద్రియాలకు మూలం అదే కనుక. హృదయం అంటాడు కృతవీర్యుడు, బుద్ధికీ మనసుకూ చోటు అదే కనుక. దేహం పెరిగేది నాభి నుంచే కాబట్టి నాభి అంటాడు పారాశర్యుడు. కాళ్లూ చేతులని ఒకరు, మొండెమని మరొకరు. సుశ్రుతుడి గురువు ధన్వంతరి ఎవరి మాటా ఒప్పుకోడు. అన్నీ ఒక్కసారే పుడతాయి, మరీ సూక్ష్మంగా ఉండడం వల్ల మనకు కనిపించవు, అంతే అంటాడు. వెదురు మొలకను చూడండి, మామిడికాయను చూడండి అంటాడు. పండిన మామిడిలో పీచు, గుజ్జు, టెంక, జీడి దేనికది తెలుస్తుంది. పిందెలోనూ అవన్నీ ఉన్నాయి, కాలం వచ్చేదాకా బయటపడవు. చరక సంహితలోనూ ఇదే వాదం పేర్లు మారి జరుగుతుంది. అక్కడ హృదయం తరఫున నిలబడ్డ కాంకాయనుడూ నెగ్గడు. అక్కడి గురువు ఆత్రేయుడు ధన్వంతరి మాటకే ఓటు వేస్తాడు.

అరిస్టాటిల్ ముందు మునుల సభ లేదు, పొదిగిన కోడిగుడ్లు ఉన్నాయి. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో రాసిన ‘జంతు చరిత్ర’ ఆరో భాగంలో ఆయన తాను చూసింది చూసినట్టు చెబుతాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక తెల్లసొనలో గుండె ఒక నెత్తుటి చుక్కలా కనిపిస్తుంది. ప్రాణమున్న దానిలా కొట్టుకుంటూ కదులుతుంది. దాని నుంచి నెత్తురు నిండిన రెండు నాళాలు మెలికలు తిరుగుతూ సాగుతాయి. ఎన్నిసార్లు చదివినా ఆ చుక్క నా కళ్లముందు కొట్టుకుంటూనే ఉంటుంది. ధన్వంతరి పిందెను చదివినప్పుడూ నాకు అంతే ఆనందం. అది పల్లెలో మామిడిచెట్టు కింద నిలబడ్డ మనిషి మాట.

ఇంతవరకు ఇవి రెండు వేర్వేరు గ్రంథాలు. అరిస్టాటిల్‌దే ‘జంతు జననం’ రెండో భాగం తెరిస్తే మాత్రం ఇద్దరూ ఒకే అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నట్టు అనిపిస్తుంది. అవయవాలన్నీ ఒక్కసారే వస్తాయా, వల అల్లినట్టు ఒకదాని వెంట ఒకటి వస్తాయా అని అక్కడ అరిస్టాటిల్ అడుగుతాడు. ఒకదాని వెంట ఒకటే అని తేల్చి, ధన్వంతరికే బదులిస్తున్నట్టు ఇంకో మాట అంటాడు. చిన్నవి కావడం వల్ల కనిపించడం లేదంటే కుదరదు, ఊపిరితిత్తి గుండెకంటే పెద్దది, అయినా గుండె కనిపించాకే అది కనిపిస్తుంది అని. పిందె ఉపమానానికి ఇంతకంటే సూటి జవాబు నేనెక్కడా చదవలేదు. ఒకరి మాట ఒకరు విన్నారని నేను చెప్పడం లేదు. అడిగిన ప్రశ్న ఒకటే కావడంతో వాదం తనంతట తానే అక్కడ కలిసింది.

సిరల దగ్గరకొస్తే పోలిక మరీ దగ్గర. సిరలు ఏడు వందలని సుశ్రుతుడు లెక్క చెప్పి, తోటను నీటి బోదెల్లాగా, పొలాన్ని కాలువల్లాగా అవి దేహాన్ని తడుపుతాయంటాడు. అలాగే అరిస్టాటిల్ కూడా ‘జంతువుల అంగాలు’ అనే గ్రంథంలో, ఒక ఊట నుంచి తోటలోని పాదులన్నిటికీ పారే కాలువలతో రక్తనాళాలను పోలుస్తాడు. ఆకు ఈనెలు కూడా ఇద్దరికీ గుర్తొచ్చాయి. అయితే ఆ నీటికి మూలం ఎక్కడ? ఇక్కడ మళ్లీ దారులు చీలతాయి. సుశ్రుతుడికి సిరలన్నిటికీ మూలం నాభి. బండిచక్రం కుంభానికి ఆకుల్లా అవి నాభి చుట్టూ ఉంటాయి, అక్కణ్నుంచి పైకీ కిందికీ అడ్డంగానూ పాకుతాయి. కాగా అరిస్టాటిల్‌కు మూలం గుండె. గుండె నుంచి బయల్దేరిన నాళాలే చీలి, బొడ్డుతాడు గుండా గర్భాశయంలోకి చెట్టు వేళ్లలా దిగుతాయి. ఒకే దారి మీద ఇద్దరూ ఎదురెదురు దిక్కుల్లో నడిచారన్నమాట.

తల్లిని మరవనిది మాత్రం మన వైద్యమే. నాలుగో నెలలో బిడ్డ హృదయం వ్యక్తమవుతుంది, అప్పుడు తల్లి రెండు హృదయాలున్న మనిషి, దౌహృదిని అంటాడు సుశ్రుతుడు. బిడ్డ హృదయం తల్లి నుంచే వచ్చిందని, రసం మోసే నాళాలతో తల్లి హృదయానికి కట్టుబడి ఉంటుందని చరకం చెబుతుంది. గర్భిణి కోరిక తీర్చాలనడానికి ఇదే కారణం. అరిస్టాటిల్ వర్ణనలో ఈ ఆర్ద్రత నాకు దొరకలేదు. ఆ నెత్తుటి చుక్కను ఆయన చూసింది తల్లికి దూరంగా పెంకులో పెరిగే పిండంలో.

సూక్ష్మదర్శిని వచ్చాక తేలినదేమిటి? మనిషి పిండంలో గుండె సుమారు 22వ రోజున కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికది రెండు పక్కల నుంచి వచ్చి కలిసిన ఒక గొట్టం, అంతే. ఊపిరితిత్తి మొగ్గ తొడిగేది ఆ తర్వాత, నాలుగో వారంలో. ఆ మాటలో అరిస్టాటిల్‌దే గెలుపు. కానీ గొట్టం కనిపించకముందే గుండె కాబోయే కణాలు తమ చోట చేరి ఉంటాయి. గుండె మటుకు ధన్వంతరి పిందెలో టెంకలాగే ఉందన్నమాట.

సిరల విషయంలో ఇద్దరూ కొంత తప్పారు, కొంత తాకారు. మొదటి రక్తనాళాలు గుండె నుంచి మొలవవు. మూడో వారంలో, గుండె ఇంకా కొట్టుకోకముందే, పిండానికి బయట పచ్చసొన సంచి గోడలోనూ, ముందుముందు బొడ్డుతాడు కాబోయే కాడలోనూ చిన్న చిన్న రక్తపు దీవులుగా పుట్టి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ముందు కుంటలు, తర్వాత వాటిని కలిపే కాలువలు, ఆ తర్వాతే నీరు తోడే మోట. తోట కాలువ ఉపమానం ఇక్కడ ఇద్దరికీ చాలలేదు. గుండెకంటే ముందు నెత్తురే కనిపిస్తుందని 1651లో విలియం హార్వే కోడిగుడ్డును చూసే రాశాడు. అరిస్టాటిల్‌ను ఎంతో గౌరవించిన మనిషే ఆ సంగతి రాయడం నాకిష్టం.

అయినా నాభి పక్షం ఉత్తదే అనలేను. కొత్త గుండెలోకి నెత్తురు తెచ్చే సిరలు మూడు జతలు: పచ్చసొన సంచి నుంచి ఒకటి, బొడ్డుతాడు నుంచి ఒకటి, పిండం ఒంటి నుంచి ఒకటి. మూడింటిలో రెండు నాభి వైపు నుంచి వచ్చేవే. బొడ్డు సిరల్లో కుడిది రెండో నెలలోనే మాయమవుతుంది. ఎడమది పుట్టేదాకా మావి నుంచి వచ్చే మంచి నెత్తురును మోస్తుంది. బొడ్డుతాడు కోశాక అదీ మూసుకుపోయి, నాభి నుంచి కాలేయం దాకా ఒక తాడులా మన కడుపులో జీవితాంతం ఉండిపోతుంది.